కార్తీకంలో మునగని ఇల్లు

2017, కార్తీక మాసం. రాజమండ్రి పొలిమేరలో ఒక వైద్య కళాశాల వెనక, మేడ మీద మూడు గదులు. అదే మా పరిశోధనశాల. వానొస్తే ఒక గది కారేది, ఎండొస్తే మూడూ ఉడికేవి. కరెంటు పోతే కింద జనరేటరు మూలుగుతూ లేచేది. అది లేచేదాకా మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు మీద చెయ్యి వేసి నిలబడటం మా అందరికీ అలవాటు. చెయ్యి వేస్తే లోపల చల్లదనం ఆగుతుందా అని ఎవరూ అడగలేదు. బీకర్లలో కాఫీ తాగరాదని గోడకు కాగితం అంటించింది నేనే, దాని కిందే కూర్చుని తాగిందీ నేనే. రిటైరయ్యాక ఇప్పుడు కారని ఇంట్లో, మంచి కప్పులో కాఫీ తాగుతున్నాను. దానికి ఆ రుచి లేదు.

నేను చదివింది మాలిక్యులర్ బయాలజీ. చేసిన పని చెప్పాలంటే, కాన్సర్ కణం ఏం తింటుంది, ఆ తిండిని బట్టి దానిలో ఏ జీన్లు మేలుకుంటాయి, ఏవి నిద్రపోతాయి అని చూడటం. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా అమ్మాయి రక్తపరీక్షలు చేస్తది" అనే చెప్పేది. ఎంత వివరించినా అంతే. చివరికి నేనే ఒప్పేసుకున్నాను.

డాక్టర్లకు కేసులుంటాయి గానీ మాలాంటివాళ్ళకు ఏముంటాయని కొందరు అడుగుతారు. నిజమే. మా దగ్గరికి మనిషి రాడు. మైనంలో పొదిగిన కండముక్క వస్తుంది, దాని మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు వెనకాల ఎవరున్నారో, వాళ్ళకు ఎవరున్నారో మాకు తెలియదు. నా ఉద్యోగంలో ఒక్కసారి మాత్రం కండముక్క వెంట ఇంటిల్లిపాదీ మేడ మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ అనుమతితోనే, పేర్లు మార్చి ఇది రాస్తున్నాను.

ఆ రోజు మూర్తిగారు ఫోన్ చేశారు. కిందున్న ఆసుపత్రిలో కిడ్నీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఆయన. అనుమానం వస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు.

"పాలకొల్లు దగ్గర కుర్రాడండి, శ్రీనివాస్ అని. ముప్ఫై ఎనిమిదేళ్ళు. కొబ్బరికాయల వ్యాపారం. కిడ్నీలో గడ్డ తీశాను. అప్పటికే బయటికి పాకింది. ఈ వయసులో ఇంత దూకుడుగా రాకూడదు. మీరోసారి చూడండి."

చూశాను. మైక్రోస్కోపు కింద ఒక్కో కణం మధ్యలో కుంకుమబొట్టులా ఎర్రని చుక్క, దాని చుట్టూ తెల్లని వలయం. అలాంటిది పుస్తకంలోనే చూశాను అంతకుముందు. స్టెయినింగ్ చేశాం, అంటే ఒక ప్రోటీన్ ఉందో లేదో రంగు వేసి తెలుసుకోవడం. ఫ్యూమరేజ్ అనే ఎంజైమ్ ఉన్నచోట గోధుమరంగు రావాలి. గడ్డలో ఎక్కడా రాలేదు.

డెల్టా వాళ్ళకు ఈ సంగతి చెప్పడం తేలిక. తిండి శక్తిగా మారే దారి ఒక కాలువ అనుకోండి. దాని మీద వరసగా లాకులు. ఒక్కో లాకు దగ్గర గేటెత్తే లస్కరు ఉన్నట్టు, ఒక్కో మెట్టు దగ్గర ఒక ఎంజైమ్ ఉంటుంది. ఫ్యూమరేజ్ అనే లస్కరు డ్యూటీకి రాకపోతే గేటు దిగే ఉంటుంది, పైన నీళ్ళు నిలిచి చేలు మునుగుతాయి. కణంలో అలా నిలిచిపోయే సరుకు ఫ్యూమరేట్. అది పేరుకుంటే కణానికి మతి చెడుతుంది. చుట్టూ ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా లేదనుకుంటుంది. ఊపిరాడని వేళ కోసం మూసి ఉంచిన జీన్లను తెరిచేస్తుంది. కొత్త రక్తనాళాలు పుట్టించేవి, చక్కెరను తెగ లాగేవి, ఆగకుండా పెరగమనేవి, అన్నీ. ఏ జీన్ ఎప్పుడు పలకాలో చూసే ఆ అదుపునే మేము జీన్ రెగ్యులేషన్ అంటాం. ఇక్కడ అది తప్పిపోయింది.

ఈ లోపం చాలాసార్లు పుట్టుకతో వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సమాన అవకాశం. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళకు చిన్న వయసులోనే గర్భసంచిలో గడ్డలు, ఆడా మగా అందరికీ ఒంటి మీద చిన్న చిన్న బుడిపెలు, కొందరికి కిడ్నీలో కాన్సర్. అంటే శ్రీనివాస్ ఒక్కడి సంగతే కాదు ఇది. అతని రక్తసంబంధీకుల్లో ఇంకెవరి కిడ్నీలోనైనా ఒక బఠాణీ గింజ కూర్చుని ఉండవచ్చు. గింజగా ఉన్నప్పుడు తీసేస్తే మనిషి దక్కుతుంది.

రక్తం నమూనా కోసం వార్డుకు నేనే వెళ్ళాను. వెళ్ళేసరికి అక్కడ పేచీ జరుగుతోంది. అరవైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ, చేతిలో ఖాళీ ఫ్లాస్కు, నర్సుతో గొడవ. పేషెంటు తల్లి మంగాయమ్మగారు.

"గీజరు పాడైతే మేమేం చేస్తామండి? పేషెంటుకి ఎలాగూ తడిబట్టతో తుడుస్తున్నాం కదా" అంటోంది నర్సు.

"వాడికి కాదమ్మా, మాకు! ఇది కార్తీకం. మేం చన్నీళ్ళు పోసుకోకూడదు."

నేను ఆగిపోయాను. గోదావరి మీద కార్తీకం అంటే తెల్లవారుజామున రేవులన్నీ కిటకిటలాడే నెల. మా వీధిలో మైకు మోగుతుంది, పక్కింటావిడ తడిబట్టలతో వణుకుతూ వచ్చి నా కిటికీ కింద నిలబడి ఇంకా లేవలేదా అని వెక్కిరిస్తుంది. నేను పుట్టు వేణ్ణీళ్ళ భక్తురాలిని కనుక ఆ నెలంతా తలవంచుకు తిరుగుతాను. అలాంటిది కార్తీకంలో చన్నీళ్ళు ముట్టకూడదనే ఇల్లు ఒకటుందా! చెప్పొద్దూ, వాళ్ళ ఇంట్లో పుట్టనందుకు అసూయ కలిగింది.

"ఎందుకు కూడదండీ?" అని అడిగాను.

"మా ఇంటి ఆనవాయితీ అండి. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఉంది. ఈ ఇంట పుట్టినవాళ్ళూ మునగరు, మెట్టినవాళ్ళూ మునగరు. మునిగితే అచ్చిరాదు." గొంతు తగ్గించింది. "మా పుట్టిల్లు గోదారి గట్టునండి. చిన్నప్పుడు కార్తీకమొస్తే నన్ను నీళ్ళల్లోంచి బయటికి లాగలేక మా నాన్న తిట్టిపోసేవారు. ఈ ఇంట కాలు పెట్టాక మళ్ళీ దిగితే ఒట్టు."

మంచం మీద శ్రీనివాస్ నవ్వాడు. నీరసంగానైనా చక్కని నవ్వు. పెళ్ళి చేసుకోలేదు అతను. తండ్రి పోయాక కొట్టు చూసుకోవడం, చెల్లెల్ని చదివించడం, దాని పెళ్ళి చేయడం, వీటిలోనే రోజులు గడిచిపోయాయట. "మేడమ్, నా గడ్డ చూసింది మీరేనంటగా? దేనికన్నా పనికొస్తదా అది?" అని అడిగాడు. చూస్తున్నామని చెప్పాను. 

మర్నాడు మంగాయమ్మగారు కూతుర్ని వెంటబెట్టుకుని మా మేడెక్కింది. కూతురు ప్రసన్నకు ఇరవై ఏడేళ్ళు. పట్టిసీమ దగ్గర గోదావరి గట్టున ఉన్న ఊళ్ళో ఇచ్చారు. తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూడటం లేదు.

మా వృత్తిలో మొదటి పని పెడిగ్రీ గీయడం. అంటే వంశవృక్షమే, ఎవరికి ఏ జబ్బుందో గుర్తులతో. కాగితం తీసి అడగటం మొదలుపెట్టాను.

"మీ ఇంట్లో ఎవరికైనా కాన్సర్లు గానీ, కిడ్నీ జబ్బులు గానీ ఉన్నాయాండీ?"

"లేవండి. మా ఇంటా వంటా లేవు."

"ఆడవాళ్ళకి ఏవైనా?"

"ఏమీ లేవండి. రాయిలా ఉంటారు అందరూ."

"మీవారు?"

"ఆయన నలభై నిండగానే పోయారండి. జబ్బేం కాదు, నడుం నెప్పి. బస్తాలు మోసే పని కదా. రెండు నెలలు మంచాన పడి, అంతే."

కాగితం మీద ఆ నడుం నొప్పి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఇంకేమీ రావడం లేదు. మిషన్ల కోసం ఆ గదిలో ఏసీ ఎప్పుడూ గట్టిగా తిరుగుతూ ఉండేది. మాట్లాడుతుండగా ప్రసన్న కొంగు లాగి కుడి జబ్బ మీద కప్పుకుని, దాని మీద చెయ్యి గట్టిగా అదుముకుంది. పళ్ళు బిగపట్టింది.

"చలేస్తోందా అమ్మా?"

"చలి కాదండి. ఇక్కడ పట్టేస్తది. సూదులు గుచ్చినట్టుంటది. కాసేపటికి పోతదిలెండి."

కొంగు తీసి చూపించమన్నాను. జబ్బ మీద కందిగింజలంత బుడిపెలు, గుంపుగా, ఎర్రమట్టి రంగులో. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"ఇవి ఎన్నాళ్ళ నుంచి?"

"చలి పులిపిర్లండి అవి" అంది మంగాయమ్మగారు తేలిగ్గా. "మా ఇంట్లో కొందరికి ఉంటాయి. ఆయనకీ వీపు మీద ఉండేవి. మా ఆడపడుచుకీ ఉన్నాయి, శ్రీనుకీ ఉన్నాయి. జబ్బేం కాదు."

"మీకున్నాయా?"

"నాకు లేవండి."

ప్రసన్న అప్పుడు నా వైపు తిరిగింది. "మేడమ్, పౌర్ణమి వెళ్ళాక నాకు ఆపరేషనండి. రక్తం ఇవ్వాలంటే దానికేమన్నా అడ్డమా?"

"ఏం ఆపరేషన్?"

"గర్భసంచి తీసేస్తారంట. గడ్డలున్నాయండి, నిండా. నెలనెలా చచ్చిపోతున్నాను. రెండుసార్లు కడుపు నిలవలేదు."

"ఇరవై ఏడేళ్ళకా!" అన్నాను.

"మా మేనత్తకీ ముప్ఫై రాకుండానే తీసేశారు. మా నాయనమ్మకీ అంతేనంట."

నేను పెన్ను కింద పెట్టేశాను. "మంగాయమ్మగారూ, ఆడవాళ్ళకి ఏమీ లేవన్నారు కదండీ ఇందాక!"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "గర్భసంచి ఆపరేషన్ జబ్బెలా అవుతాదండి? మా వీధిలో ఉన్నవాళ్ళకంటే తీసేయించుకున్నవాళ్ళే ఎక్కువ."

 మరోచోట అయితే ముప్ఫై లోపు గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళు ఒకే ఇంట్లో ఇంతమంది ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. మన దగ్గర అది జ్వరానికి బిళ్ళ వేసుకున్నంత మామూలైపోయింది. అందరి మధ్యా వీళ్ళది కలిసిపోయింది. నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను.

మంగాయమ్మగారు కొడుకు దగ్గరికి దిగి వెళ్ళాక, ప్రసన్న కుర్చీలోంచి లేవలేదు.

"మేడమ్, ఒకటి అడగనా? చన్నీళ్ళకీ మా అన్నయ్య జబ్బుకీ సంబంధం ఉంటదా?"

"ఎందుకడుగుతున్నావు?"

"మా అత్తగారింట్లో కార్తీకమంతా గోదాట్లో మునుగుతారండి. పెళ్ళయ్యాక పుట్టింటి ఆనవాయితీలు చెల్లవు, మా ఇంటి పద్ధతే నడవాలన్నారు. మూడేళ్ళు మునిగాను. అన్నయ్యకి కాన్సరని తెలిసిన కాడ్నించీ అమ్మ నాతో మాట్లాడదు. నీ మునకలే వాడికి చుట్టుకున్నాయే అంది." ఆ పిల్ల ఏడవలేదు. చాలా రోజులుగా ఏడ్చేసి ఇక మిగలనట్టు చెప్పింది. "నిజమేనా అండి?"

ఆ ప్రశ్న నేను ఎన్నటికీ మరిచిపోను. ఎన్నో సభల్లో ఎందరో పెద్దలు నన్ను ఇరుకున పెట్టే ప్రశ్నలు వేశారు. ఒక్కదానికీ ఇంత తొందరగా, ఇంత గట్టిగా జవాబు చెప్పాలనిపించలేదు.

"కాదమ్మా. అది తలకిందులుగా ఉంది. మీ ఆనవాయితీ తప్పడం వల్ల జబ్బు రాలేదు. జబ్బు ఉండటం వల్లే మీకు ఆ ఆనవాయితీ వచ్చింది."

చెబుతుంటేనే నాకూ మొత్తం కళ్ళకు కట్టింది. ఆ బుడిపెలకు చలి తగిలితే లోపలి కండరం బిగుసుకుని ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. ఎన్ని తరాల కిందటో ఆ ఇంటి పిల్ల ఎవరో కార్తీకంలో కాలువలో దిగి కేక పెట్టి ఉంటుంది. మరో ఏడు ఇంకో పిల్ల. ఇంటి పెద్దలు ఆలోచించారు. నొప్పి ఉన్నవాళ్ళను విడిగా నిలబెట్టి నువ్వు మునగకు అంటే ఊరు వేలెత్తి చూపుతుంది, పెళ్ళికి అడ్డం వస్తుంది. అందుకని ఇంటి మొత్తానికీ కార్తీక స్నానం మాన్పించేశారు. కోడళ్ళతో సహా. ఎంత మర్యాదగల వైద్యం! కానీ ఆ మర్యాద చాటునే ఎవరికి నొప్పి ఉందో, ఎవరికి లేదో కూడా మరుగున పడిపోయింది.

ఇదంతా ఊహ. రుజువు రక్తంలో ఉండాలి. అన్న రక్తం, చెల్లెలి రక్తం సీక్వెన్సింగ్‌కు హైదరాబాదు పంపాం. సీక్వెన్సింగ్ అంటే జీన్‌ను అక్షరం అక్షరం చదవడం. తండ్రి లేడు కనుక లోపం ఎవరి వైపు నుంచి వచ్చిందో తేలాలంటే తల్లి రక్తం కూడా కావాలన్నాను. మంగాయమ్మగారు తీసుకోండంటూ చెయ్యి చాపింది గానీ, కూతురి కిడ్నీకి ఎమ్మారై తీయించాలంటే మాత్రం ససేమిరా అంది. "దీనికి కూడా ఆ పేరు పెట్టకండి. కాన్సరింటి పిల్లని తెలిస్తే అత్తారింట్లో ఉండనిస్తారా?"

సీక్వెన్సింగ్ ఫలితానికి వారాలు పడుతుంది. పౌర్ణమి వారంలోకి వచ్చేసింది. గర్భసంచి తీసేస్తే నొప్పి తగ్గుతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఇక ఆ పిల్ల కిడ్నీ వైపు ఎవరూ చూడరు. మేనత్తకు అలాగే జరిగింది, ఆవిడ అదృష్టం కొద్దీ బయటపడింది. ప్రసన్న అదృష్టం ఎలా ఉందో నాకు తెలియదు. ఎమ్మారైకి పంపాల్సింది అత్తగారు. అందుకని ఆదివారం కారు తీసుకుని పట్టిసీమ దారి పట్టాను. పరిశోధకులు పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళకూడదనేది పద్ధతి. మూర్తిగారికి చెప్పి, ప్రసన్నను అడిగి వెళ్ళాను.

అత్తగారి పేరు భద్రమ్మ. నాలుగు గేదెల పాడి, దిట్టమైన మనిషి. చిక్కని కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మా డాక్టరమ్మ తీసేయమంది, మీరొద్దంటున్నారంట. మీరు ఆవిడికన్నా పెద్ద డాక్టరాండి?"

"నేను అసలు డాక్టర్నే కాదండి."

"మరింకేంటి!"

ఏం చెప్పను? లాకుల కథ చెప్పాను. లస్కరు రాకపోతే ఏమవుతుందో ఆవిడకు నేను చెప్పక్కర్లేదు. శ్రద్ధగానే వింది. గడ్డలు మాత్రమే తీసి గర్భసంచి ఉంచేయవచ్చన్నాను, దానికి ముందు కిడ్నీ చూడాలన్నాను. బుడిపెల సంగతికి వచ్చేసరికి ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"ఏదే, చూపించు."

ప్రసన్న కొంగు తొలగించింది.

"చన్నీళ్ళు తగిల్తే నెప్పా?"

"ఊఁ."

"ఎంత?"

"కళ్ళు బైర్లు కమ్ముతాయండి అత్తయ్యా."

"మూడు కార్తీకాలు నా పక్కనే మునిగావు కదే! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే పుట్టింటి పాట పాడుతుందంటారని..."

భద్రమ్మగారు తనే కొంగు తీసి కోడలి జబ్బ మీద కప్పింది. తర్వాత నాతో, "పళ్ళు గిట్టకరుచుకుని మునిగేదండి. నేను భక్తనుకున్నాను" అంది. కళ్ళు తుడుచుకుని లేచి లోపలున్న కొడుక్కి కేక వేసింది. "ఒరేయ్, రేపు మిషన్ దగ్గరికి తీసుకెళ్ళాలి దీన్ని. పొద్దున్నే కారు మాట్లాడు."

ఎమ్మారైలో ప్రసన్న ఎడమ కిడ్నీలో ఉంది. బఠాణీ గింజ కన్నా కాస్త పెద్దది. మూర్తిగారు ఆ ఫిల్ము లైటుకు పెట్టి, గొంతు తగ్గించకుండా, "దొరికిందండీ!" అన్నారు. ఈ రకం గడ్డల్ని ఎదిగేదాకా చూద్దామని ఆగకూడదు. వెంటనే ఆ గడ్డనూ చుట్టూ కొంత భాగాన్నీ తీసేశారు. ఎక్కడికీ పాకలేదు. కొన్ని నెలల తర్వాత మరో డాక్టరుగారు గర్భసంచిలో గడ్డలు మాత్రం ఒలిచి, సంచిని ఉంచేశారు.

రక్తపరీక్ష ఫలితం ప్రసన్న ఇంకా ఆసుపత్రిలో ఉండగానే వచ్చింది. అన్నకు ఉంది. చెల్లెలికి ఉంది. ఇద్దరిలోనూ ఒకే చోట, ఒకే అక్షరం తప్పు. తల్లికి లేదు.

మంగాయమ్మగారిని పైకి పిలిచి చెప్పాను. మీవారి వైపు నుంచి వచ్చింది, ఆయన నడుం నొప్పీ బహుశా ఇదే, మీ పిల్లలిద్దరూ పుట్టిన రోజే ఇది వాళ్ళలో ఉంది, ఎవరు మునిగినా మునగకపోయినా ఇది జరిగేదే అన్నాను. ఆవిడ వింటూ కూర్చుంది.

"అయితే దాని మునకల వల్ల కాదంటారు."

"కాదండి. మీ అబ్బాయి గడ్డ చూడబట్టే మీ అమ్మాయి గడ్డ దొరికింది."

"మరి నాకు లేదు."

"లేదండి."

"ఎప్పుడూ లేదు?"

"ఎప్పుడూ లేదు."

ఆవిడ చేతులు చూసుకుంది. "అంటే నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు మునిగినా, ఈ ఏడు మునిగినా, నాకేం అయ్యేది కాదు."

"కాదండి."

"ఆయ్" అంది మెల్లగా.  లేచి మెట్లు దిగి నేరుగా కూతురి మంచం దగ్గరికి వెళ్ళిందట. దాని తలకు నూనె రాసి, చిక్కులు తీసి, జడ వేసిందట. మాట మాత్రం మర్నాటికి గానీ రాలేదని ప్రసన్న చెప్పింది. ఆ మాట, "నీ తప్పేం లేదే అమ్మా. నాదే నోటి దురుసు."

శ్రీనివాస్ దక్కలేదు. ఆ తర్వాతి ఎండాకాలంలో పోయాడు. చివరిసారి చూసినప్పుడు, మనిషి సగమయ్యాడు గానీ నవ్వు మాత్రం అలాగే ఉంది. "పనికొస్తదా అని అడిగాను కదా మేడమ్ అప్పుడు. చెల్లికి పనికొచ్చింది. చాల్లెండి" అన్నాడు. నేను మేడ మీదికి వచ్చి ఫ్రీజరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ రోజు కరెంటు పోలేదు. అయినా నిలబడ్డాను. అతని కండముక్క లోపల ఉంది.

మేనత్తా ఆవిడ పిల్లలూ కూడా వచ్చి రక్తం ఇచ్చారు. వాళ్ళలో లోపం ఉన్నవాళ్ళు ఇప్పుడు ఏటా ఎమ్మారై తీయించుకుంటున్నారు. ప్రసన్నకు ఆ తర్వాత పాప పుట్టింది. ఆ పాపకు ఉందో లేదో ఇంకా చూడలేదు. కొంచెం ఎదగాలి. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ గుబులే.

ఈ కేసు నాకు నేర్పినదేంటంటే, అడిగే ప్రశ్న మార్చుకోవడం. మీ ఇంట్లో ఏ జబ్బులున్నాయి అని అడిగితే మన జనం లేవనే చెబుతారు. అబద్ధం కాదు. అలవాటైపోయిన బాధను వాళ్ళు జబ్బుల్లో కలపరు. దానికి ఒక నియమం పేరో, దేవుడి పేరో పెట్టి మర్యాదగా దాచేస్తారు. అందుకని ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పెడిగ్రీ గీయడానికి కూర్చున్నప్పుడల్లా మొదట ఇంకోటి అడిగేదాన్ని. "మీ ఇంట్లో ఏది కూడదంటారండీ? ఊరంతా చేసి, మీరు మాత్రం చేయనిది ఏమైనా ఉందా?" చాలామంది నన్ను వింతగా చూసేవారు. కొందరు ఆగి ఆలోచించేవారు. ఆ ఆలోచించేవాళ్ళ దగ్గర కాగితం నిండేది.

శ్రీనివాస్ సంవత్సరికం అయ్యాక వచ్చిన కార్తీకంలో ప్రసన్న ఫోన్ చేసి రమ్మంది. తెల్లవారుతుండగా పట్టిసీమ రేవుకు వెళ్ళాను. నది మీద పొగమంచు, అరటిదొప్పల్లో దీపాలు, మెట్ల నిండా జనం. పై మెట్టు మీద భద్రమ్మగారు మూడు ఇటుకలు పేర్చి బిందెతో నీళ్ళు కాస్తోంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తుంటే వాళ్ళకు వినిపించేలా నాతో అంది, "గోదారి నీళ్ళేగా అండి? వేడెక్కితే పుణ్యం పోద్దా?" ఆ వేణ్ణీళ్ళు చెంబుతో కోడలి నెత్తిన తనే పోసింది.

మంగాయమ్మగారు అప్పటికే కింద మెట్టు మీద నిలబడి ఉంది. పాదాలు నీళ్ళల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి. నన్ను చూసి చిన్నపిల్లలా సిగ్గుపడింది.

"నిజంగా నాకేం కాదు కదండి?"

"ఏం కాదండి. దిగండి."

మెల్లగా దిగింది. మోకాళ్ళ దాకా, నడుం దాకా. ఒక్క క్షణం ఆగి, ముక్కు పట్టుకుని మునిగింది. లేచి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది. మూడోసారి మునిగి ఎంతకీ లేవలేదు. నేను కంగారుపడి రెండు మెట్లు దిగాను. చీర తడిసిపోయింది. నాలాంటి వేణ్ణీళ్ళ భక్తురాలు మోకాలి దాకా కార్తీక గోదావరిలో! అప్పుడు లేచింది ఆవిడ, జుట్టంతా మొహం మీద పడి, పళ్ళు టకటకా కొట్టుకుంటూ, నవ్వుతూ.

ప్రసన్న తువ్వాలు అందిస్తూ అడిగింది, "అంతసేపేంటమ్మా? భయపడ్డాం."

"మొదటిది మీ నాన్నకి. రెండోది శ్రీనుకి."

"మరి మూడోది?"

మంగాయమ్మగారు మొహం తుడుచుకుని గోదారి వైపు చూసింది.

"అది నాదే."